రానున్న గృహోపకరణములు: ఎదురుచూడదగినవి ఏవి?

హైదరాబాదు నగరమున మాసబ్ ట్యాంక్ అను ప్రదేశము కలదు. చేవెళ్ల వైపు నుండి మెహిదీపట్నము మీదుగా నగరములోనికి వచ్చు గ్రామస్థులకు ఈ పేరు సుపరిచితము. గోలకొండ నేలిన కుతుబ్‌షాహీల కాలమున ‘మా సాహెబా’ అని జనులు గౌరవముతో పిలుచుకొన్న హయాత్ బక్షీ బేగము పేర వెలసిన చెరువు అచ్చట ఉండెడిది. మా సాహెబా తలాబు అను మాట కాలక్రమమున మాసబ్ ట్యాంక్ అయినది. నేడు అచ్చట కార్యాలయములు, ప్రభుత్వ పాలిటెక్నిక్, చాచా నెహ్రూ పార్కు, పైవంతెన ఉన్నవి. పేరు నిలిచినది, నీరు నిలువలేదు.

ఈ కూడలి నుండి పంజగుట్ట, అమీర్‌పేటల వైపు సాగినచో దారి పొడవునను క్రొత్త వస్తువుల ప్రకటనలు కనబడును. మాటాడు గడియారములు, మడతపడు ఫోనులు, తమంత తామే ఇల్లు ఊడ్చు యంత్రములు, ఇంకను ‘త్వరలో రానున్నవి’. పని మీద నగరమునకు వచ్చిన రైతు సోదరుడు వీనిని చూచి, మా ఊరికి ఇవి ఎప్పుడు వచ్చునో యని ఆశపడును. ఆశపడుట తప్పు కాదు. అయితే రానున్న వస్తువులలో ఏది నీరున్న చెరువో, ఏది చెరువు పేరు మాత్రమేయో ముందుగా తెలిసికొనవలెను. పంట అమ్మిన సొమ్ము, సంఘములో తీసికొన్న అప్పు అట్టి వస్తువు పాలైన పిమ్మట విచారించి ప్రయోజనము లేదు. కావున ఈ పాఠమున నాలుగు నూతన సాధనములను పరిశీలింతము.

మున్ను వచ్చినవి నేర్పిన పాఠము

ముందుగా వెనుకకు చూతము. ఎల్.ఇ.డి. బల్బు మన ఇండ్లకు క్రొత్తగా వచ్చినప్పుడు అది ధనికుల వస్తువు. 2014లో ప్రభుత్వ రంగ సంస్థ ఒక్కొక్క బల్బును సుమారు 310 రూపాయలకు కొనుచుండెను. 2015 జనవరిలో ఉజాలా పథకము ప్రారంభమైనది. కోట్ల కొలది బల్బులను ఒక్కసారిగా కొనుటచే 2016 నాటికి ఆ ధర 38 రూపాయలకు దిగినది. మంచి వస్తువైనను తొలినాడే కొనవలెనను నియమము లేదు. కొంత ఓపిక పట్టినచో ధర దిగును, లోపములు బయటపడి సవరింపబడును. ఇది మొదటి పాఠము.

రెండవది టెలివిజన్ కథ. 1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జూలై 31వ తేదీ వరకు ‘సైట్’ అను ఉపగ్రహ విద్యా టెలివిజన్ ప్రయోగము జరిగినది. ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా కార్యక్రమములు నేరుగా ప్రసారమైనవి. వానిలో మన తెలుగు గ్రామములును ఉన్నవి. ఆ టెలివిజన్ సెట్లను తయారుచేసినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థయే. కోడివల వంటి తీగజాలముతో చేసిన పది అడుగుల యాంటెనా క్రింద ఊరంతయు కూర్చుండి సేద్యము, ఆరోగ్యము గురించిన సంగతులు తెలుగులో వినెను. ఏడాది ముగియగానే ఆ ఉపగ్రహము తరలిపోయినది. సెట్టు చెడలేదు; ఆకాశము నుండి వచ్చు ప్రసారము ఆగినది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఏర్పడిన తరువాతనే ప్రసారము స్థిరపడినది. వస్తువు ఒక్కటియే చాలదు, దాని వెనుక నడచు సేవయు నిలకడగా ఉండవలెనని దీనివలన తెలియుచున్నది.

ఈ రెండు పాఠములను మనసున నుంచుకొని రానున్న వానిని చూతము.

ఇంటర్నెట్టు లేకయే ఫోనులో ప్రసారము

నేడు పల్లెలలో సైతము వీడియోలు చూచుట ఇంటర్నెట్టు ద్వారానే. చూచువారు పెరిగిన కొలది ఆ దారి ఇరుకగును. వేయిమంది ఒకే క్రికెట్టు ఆటను చూచినచో, వేయిమందికి వేయిసార్లు విడివిడిగా పంపవలసి వచ్చును. ప్రతివానికిని డేటా ఖర్చగును. రేడియో అట్లు కాదు. ఒక్కసారి ప్రసారము చేసినచో పదిమంది విన్నను, పదివేలమంది విన్నను భారము ఒక్కటే.

ఈ రేడియో పద్ధతిని ఫోనులోనికి తెచ్చునదియే ‘డైరెక్ట్ టు మొబైల్’ విధానము. దీనిని డి-2-ఎం అందురు. టెలివిజన్ టవరు నుండి వచ్చు తరంగములను ఫోనులోని ఒక చిన్న చిప్పు పట్టుకొనును. డేటా అక్కరలేదు. ప్రసార భారతి, కాన్పూరు ఐ.ఐ.టి., బెంగుళూరులోని సాంఖ్య ల్యాబ్స్ కలిసి మన దేశమున దీనిపై ప్రయోగములు జరిపినవి. 2025 మే నెలలో లావా, హెచ్.ఎం.డి. అను సంస్థలు ఇట్టి చిప్పు గల ఫోనులను గురించి ప్రకటించినవి.

గ్రామమునకు ఇందు గల మేలు వినోదము మాత్రమే కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినప్పుడు విద్యుత్తుతోపాటు సెల్‌ఫోను సేవలును స్తంభించిన సంగతి అచ్చటివారికి అనుభవమే. అట్టి వేళ విశాల ప్రదేశమునకు ఒక్కసారిగా హెచ్చరిక పంపగల ప్రసార మార్గము ప్రాణములను కాపాడును. పాఠశాల పాఠములను, వాతావరణ సమాచారమును డేటా ఖర్చు లేక అందింపవచ్చును.

అయితే ఒక సంగతి. ఇప్పుడు మన చేతనున్న ఫోనులలో ఆ చిప్పు లేదు. పైగా మన ప్రాంతమును చేరు టవరు లేనిచో చిప్పు ఉండియు వ్యర్థమే. ‘సైట్’ నేర్పిన పాఠమిదియే. కావున దీనికై ఎదురుచూడవచ్చును. మన జిల్లాలో ప్రసారము మొదలైనదని తెలియక పూర్వము అందుకొరకు ఫోను మార్చుట తగదు.

ఉప్పులోని మూలకముతో బ్యాటరీ

కరెంటు పోయినప్పుడు వెలుగునిచ్చు ఇన్వర్టరు నేడు అనేక గ్రామ గృహములలో ఉన్నది. దానిలోని బ్యాటరీ సాధారణముగా సీసము, ఆమ్లములతో పనిచేయును. అది బరువైనది, డిస్టిల్డ్ వాటరు పోయుచుండవలెను, సీసము విషపదార్థము. ఫోనులలోను, విద్యుత్ స్కూటర్లలోను ఉండు లిథియం బ్యాటరీ తేలికైనది. కాని భూమిపై లిథియం అరుదు.

ఉప్పులో ఉండు సోడియం అట్లు కాదు. భూమి పైపొరలో లిథియం కంటె సోడియం వేయింతలకు మించి ఉన్నది. సోడియంతో చేయు బ్యాటరీలో సోడియం అయానులు ఒక ధ్రువము నుండి మరొక ధ్రువమునకు పోయి వచ్చుచుండును. లిథియం బ్యాటరీ పనిచేయు తీరును ఇదియే. చైనాకు చెందిన సి.ఏ.టి.ఎల్. సంస్థ 2021లో తన సోడియం బ్యాటరీని ప్రకటించి, కిలో బరువునకు 160 వాట్-గంటల శక్తి నిలువచేయునని చెప్పినది. సీసపు బ్యాటరీలో ఇది సుమారు 30 నుండి 50 వరకు మాత్రమే. మన హైదరాబాదులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రములోను సోడియం బ్యాటరీలకు కావలసిన పదార్థములపై కృషి జరుగుచున్నది.

మేలైన లిథియం బ్యాటరీ కంటె ఇది కొంత బరువు. ఫోనునకు అది లోపము. ఇంటి మూలనుండు ఇన్వర్టరునకు బరువుతో పనియేమి? అందుచే గ్రామ గృహమునకు, పాఠశాలకు, సౌరఫలకములున్న ఇంటికి ఇది తగిన సాధనము కాగలదు. ఐనను పాత బ్యాటరీ బాగుగా పనిచేయుచున్నంత కాలము దానినే వాడుకొనవలెను. మార్చునప్పుడు దుకాణదారుని రెండు ప్రశ్నలు అడుగవలెను: ఎన్ని ఏండ్లకు హామీ పత్రము ఇత్తురు? ఈ బ్యాటరీకి మా ఇన్వర్టరు సరిపడునా?

వంటింటిలోనికి సూర్యుడు

సూర్యరశ్మితో వంట అను మాట క్రొత్తది కాదు. 1950ల దశకములోనే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సౌర కుక్కరును రూపొందించినది. కాని అది ఇంటింటికి చేరలేదు. కారణము మన గృహిణులకు తెలిసినదే. పొలమునకు పోవు ఇంటిలో వంట తెల్లవారక ముందు, రాత్రి భోజనమునకు ప్రొద్దు క్రుంకిన తరువాత జరుగును. మిట్టమధ్యాహ్నము ఎండలో నిలబడి వండు తీరిక ఎవరికి కలదు? యంత్రము వంటవేళను అనుసరింపవలెను గాని, వంటవేళ యంత్రమును అనుసరింపదు.

ఇండియన్ ఆయిల్ సంస్థ 2022 జూన్ నెలలో ప్రదర్శించిన ‘సూర్య నూతన్’ పొయ్యి ఈ చిక్కును విప్ప యత్నించినది. సౌరఫలకము ఇంటి కప్పు మీద నుండును. తీగ ద్వారా శక్తి వంటింటిలోని పొయ్యికి చేరును. పొయ్యిలో ఆ శక్తి వేడిమి రూపమున నిలువయుండును. పగలు నిలిచిన వేడిమితో ప్రొద్దుగూకిన పిమ్మట వండవచ్చును. వానకాలమున సాధారణ విద్యుత్తును వాడుకొను వీలును కలదు. నలుగురు గల కుటుంబమునకు మూడు పూటల వంట చేయగల రకమును ఉన్నదని ఆ సంస్థ తెలిపినది.

కట్టెలపొయ్యి పొగ మన తల్లుల కన్నులకు, ఊపిరితిత్తులకు చేయు హాని అంతయింత కాదు. కాబట్టి ఈ మార్గమున వచ్చు పొయ్యి ఏదైనను ఆహ్వానింపదగినదే. అయితే ఆరంభమున దాని ధర వేల రూపాయలలో ఉన్నది. గ్రామ మహిళా సంఘము గాని, అంగన్‌వాడీ కేంద్రము గాని ముందుగా ఒక్కటి తెప్పించి, మన అన్నము, పప్పు, జొన్నరొట్టె దానిపై ఎట్లు అగునో ఒక ఋతువు పరీక్షించి చూచుట మంచిది.

వృద్ధులకు వినికిడి సాధనము

చెవి మందగించిన తాతగారు ఇంటిలో ఒంటరియగును. పదిమంది మాటాడుకొనుచుండగా ఆయనకు పెదవుల కదలిక మాత్రమే కనబడును. వినికిడి యంత్రములు చాలకాలముగా ఉన్నను, వాని ధర చూచి పలువురు వెనుకకు తగ్గుదురు.

2022 అక్టోబరు నుండి అమెరికాలో కొలది లేక మధ్యరకపు వినికిడి లోపము గల పెద్దలు వైద్యుని చీటి లేకయే దుకాణములో ఈ సాధనములను కొనవచ్చునని నియమము వచ్చినది. 2024 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ వారి సంగీతము వినెడి ఇయర్‌ఫోనులనే వినికిడి సాధనముగా మార్చు సాఫ్ట్‌వేరునకు అచ్చటి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చినది. ఈ మార్పువలన ధరలు దిగివచ్చుటకు దారి ఏర్పడినది.

ఇందు జాగ్రత్త ముఖ్యము. చెవిలో గుబిలి చేరినను, చీము పట్టినను వినికిడి తగ్గును. దానికి యంత్రము కాదు, వైద్యము కావలెను. పసిపిల్లలు శబ్దమునకు తిరిగి చూడనిచో ఏ సాధనమునకును ఎదురుచూడక వెంటనే వైద్యునికి చూపవలెను.

బాగుచేయించుకొను వీలు

ఇచ్చట మా అనుభవమొకటి చెప్పుదుము. గుండె కొట్టుకొనుట కొలుచునన్న చేతిగడియారమొకటి మేము వాయిదాలపై కొంటిమి. పదునాలుగు మాసములకు దాని చార్జింగు తీగ తెగినది. ఆ తీగ మరే వస్తువునకును సరిపడనిది, దుకాణమున దొరకదయ్యె. గడియారము బాగుగనే ఉన్నది, కాలము మాత్రము చూపదు. వాయిదాలు మాత్రము తప్పక వచ్చుచుండెను.

ఈ బాధ లోకమంతటను ఉన్నది. అందుచే యూరపు సమాఖ్య దేశములలో 2024 డిసెంబరు 28 నుండి క్రొత్త ఫోనులకు ఒకే రకపు టైప్-సి చార్జరు ఉండవలెనని నియమించిరి. 2027 ఫిబ్రవరి 18 నుండి చిన్న పరికరముల బ్యాటరీని కొన్నవాడే తీసి మార్చుకొనగలుగునట్లు ఉండవలెనని మరొక నియమము అచ్చట రానున్నది. మన దేశమున 2022 డిసెంబరు 24న ‘మరమ్మతు హక్కు’ పోర్టలు ప్రారంభమైనది. ఫోనులు మొదలగువానికి మరమ్మతు సౌలభ్యమును సూచించు అంకెలు ఇయ్యవలెనని ఒక సంఘము 2025లో కేంద్ర ప్రభుత్వమునకు నివేదించినది. మా అభిప్రాయమున ఎదురుచూడదగిన వానిలో ఇది అన్నింటికంటె మేలైనది. ఏలయన క్రొత్త వస్తువు ఒక్క ఇంటికి ఉపకరించును. బాగుచేయు విద్య ఊరి యువకునికి జీవనోపాధి నిచ్చును.

కొనుటకు ముందు ఐదు ప్రశ్నలు

1. ఇది మన ఇంటి ఏ కష్టమును తీర్చును? కష్టము పేరు చెప్పలేనిచో వస్తువు అక్కరలేదు.

2. నెలకు ఎంత విద్యుత్తు కావలెను? వాట్లను వాడు గంటలతో హెచ్చవేసి, వేయిచే భాగించినచో యూనిట్లు వచ్చును. పాత 75 వాట్ల పంకాకు బదులు 30 వాట్ల బి.ఎల్.డి.సి. పంకా దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు సుమారు 16 యూనిట్లు మిగులును.

3. దాని వెనుక సేవ మన ఊరికి చేరునా? టవరు, ఇంటర్నెట్టు, నెలనెలా చందా సంగతి ముందుగా విచారింపవలెను.

4. అది తెలుగు మాటాడునా, తెలుగు చూపునా? ఇంటిలో అందరును వాడలేని వస్తువు ఒక్కరి సొత్తగును.

5. చెడినచో ఎవరు, ఎచ్చట, ఎంతకు బాగుచేయుదురు?

కొన్నప్పుడు రశీదును, హామీ పత్రమును భద్రపరుపవలెను. మోసము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై ఫోను చేయవచ్చును. పాడైన బ్యాటరీలను పొలములోను, చెరువులోను పారవేయరాదు.

గ్రామస్థులారా! యంత్రము మన శ్రమను తగ్గించినచో స్వాగతము పలుకుదము. మన అప్పును పెంచినచో గడప దాటనీయకుందము. మరుమారు మాసబ్ ట్యాంక్ మీదుగా పోవునప్పుడు, నీరు లేని ఆ చెరువు పేరును ఒక్కసారి తలచుకొని, పిమ్మట అమీర్‌పేట దుకాణము మెట్లెక్కుడు.