రంగు వేసిన విత్తనములు – గర్భిణీ స్త్రీలు

విత్తనములకు పట్టించు మందు కడుపులోని బిడ్డను కూడ చెఱచునని పంచాయతీ సభ్యులకు తెలుపుటకై ఇరాక్ దేశపు ఉదంతము నొకదానిని ఇచట చెప్పుచున్నాము.

1971లో ఆ దేశ ప్రభుత్వము గోధుమ, బార్లీ విత్తనములను దిగుమతి చేసికొని రైతులకు పంచిపెట్టెను. బూజు పట్టకుండ వానికి మిథైల్ పాదరసపు మందు పట్టించి, రంగు వేసియుండిరి. సంచులపై హెచ్చరిక లేకపోలేదు. కాని అది ఆ రైతులకు రాని పరభాషలో నుండెను. పలుచోట్ల అదను దాటిన పిదప గింజలు చేరెను. రైతులు కడిగి చూచిరి. రంగు పోయెను, విషము పోలేదు. కోళ్లకు వేసి చూచిరి. కొలది దినములలో వానికేమియు కాలేదు. అంతట పిండి విసరి రొట్టెలు చేసికొనిరి. ఈ విషము వారములు గడచిన గాని బయటపడదు! 6,530 మంది ఆసుపత్రుల పాలైరి. వారిలో 459 మంది మరణించిరి.

గర్భిణుల గతి మరింత దారుణము. ఈ పాదరసము మాయను దాటి శిశువును చేరును. తల్లి రక్తమునకన్న బిడ్డ రక్తమున హెచ్చుగా నిలుచును. తల్లికి కొద్దిపాటి తిమ్మిరులే కలిగినచోట కూడ బిడ్డకు మెదడు దెబ్బతినెను. నడక, మాట ఆలస్యమయ్యెను. చనుబాల వెంట సయితము కొంత చేరెను. జపానులోని మినమాటలో 1950వ దశకమున చేపల మూలమున ఇట్టిదే జరిగెను.

మందు ఏదైనను, రంగు వేసిన విత్తనములు మిగిలినచో తిండిగింజలలో కలుపరాదు, కడిగి వండరాదు. సంచిపై వ్రాసినదానిని చదువురాని ఇండ్లవారికి, ముఖ్యముగ స్త్రీలకు, విత్తనములు పంచునాడే చదివి వినిపింపవలెను. దండోరా వేయించిన మఱింత మేలు.