మీ ఊరి వెబ్‌సైట్‌ను కర్లీ డైరెక్టరీలో చేర్చడం ఎలా?

భోగాపురంలో సముద్రం వైపు మీ బంధువులకి ఒక హోమ్‌స్టే ఉందనుకోండి. 2023 మే 3న విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగాక ఆ చుట్టుపక్కల ప్రతి చిన్న వ్యాపారానికీ ఒక వెబ్‌సైట్ కావాలనిపిస్తోంది. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన కుర్రాడు మీరే కాబట్టి సైటు మీరే చేసిపెట్టారు. వారం తిరక్కుండానే ఒక మెయిల్ వస్తుంది: "మీ సైటును 500 డైరెక్టరీల్లో సబ్మిట్ చేస్తాం, ఇంత ఫీజు." ఆ డబ్బు కట్టకండి. నాసిరకం డైరెక్టరీల లింకుల్ని గూగుల్ తన నియమాల్లోనే స్పామ్ కింద చెప్పింది. మేలు సంగతి అటుంచి, సైటుకే చేటు.

మరి పైసా తీసుకోకుండా, మనుషులే చూసి చేర్చే డైరెక్టరీ ఉందా? ఉంది. దాని పేరు కర్లీ.

కాస్త వెనక్కి వెళ్దాం. 1998లో రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయెల్ మరికొందరితో కలిసి ఒక డైరెక్టరీ మొదలుపెట్టారు. మొదటి పేరు గ్నూహూ, తర్వాత న్యూహూ. అదే ఏడాది నెట్‌స్కేప్ కొనేశాక ఓపెన్ డైరెక్టరీ ప్రాజెక్ట్ అయింది. జనం నోట్లో మాత్రం డీమోజ్. యాహూ డైరెక్టరీ వ్యాపార సైట్ల దగ్గర 299 డాలర్లు తీసుకునే రోజుల్లో కూడా ఇది ఉచితమే. గూగుల్ డైరెక్టరీ ఈ డేటాతోనే నడిచింది. 2017 మార్చిలో డీమోజ్‌ను మూసేసే నాటికి అందులో దాదాపు 38 లక్షల సైట్లు ఉన్నాయి, వర్గాలు 10 లక్షలు దాటాయి. దాని వాలంటీర్ ఎడిటర్లు ఆ పనిని కర్లీ పేరుతో కొనసాగిస్తున్నారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇందులో చేరితే గూగుల్‌లో మొదటి పేజీకి వచ్చేస్తారని ఎవరైనా అంటే నమ్మొద్దు, ఆ రోజులు పోయాయి. ఒక మనిషి చూసి "ఇది నిజమైన సైటే" అని పెట్టిన జాబితాలో మీ ఊరి పేరు ఉంటుంది, అంతే. నా లెక్కలో అది చిన్న విషయం కాదు.

ఇక పనిలోకి. చాలామంది పొరపాటు చేసేది వర్గం దగ్గరే. హోమ్ పేజీ నుంచి కాకుండా, సరైన వర్గం లోపలికి వెళ్లి అక్కడి నుంచి సైటును సూచించాలి. ఇంగ్లిష్ సైటయితే రీజనల్, ఆసియా, ఇండియా, ఆంధ్రప్రదేశ్ అనుకుంటూ కిందికి దిగండి. సైటు తెలుగులో ఉంటే దారి వేరు: వరల్డ్ కింద తెలుగు. విమానాశ్రయం వైజాగ్ కోసమే కదా అని విశాఖపట్నం కింద పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. భోగాపురం ఉన్నది విజయనగరం జిల్లాలో. పైగా ఏలూరు దగ్గర పెదవేగి మండలంలో ఇంకో భోగాపురం ఉంది. ఎక్కడో వేరే దేశంలో కూర్చున్న ఎడిటర్‌కి ఈ తేడా తెలియదు, జిల్లా పేరు మీరే రాయాలి.

టైటిల్‌లో వ్యాపారం అసలు పేరే ఉండాలి. "బెస్ట్", "నంబర్ వన్" లాంటివి తగిలించొద్దు. వివరణ ఒకటి రెండు వాక్యాలు చాలు, కానీ అసలు పరీక్ష అక్కడే. ఇలా రాశారనుకోండి:

"ఉత్తరాంధ్రలోనే అత్యుత్తమ హోమ్‌స్టే! మరపురాని అనుభూతి! నేడే బుక్ చేసుకోండి!"

ఇందులో ఎడిటర్‌కి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఇప్పుడు ఇది చూడండి:

"విజయనగరం జిల్లా భోగాపురంలో సముద్ర తీరానికి దగ్గరగా ఉన్న హోమ్‌స్టే. గదుల ఫోటోలు, అద్దెలు, చేరుకునే దారి, ఫోన్ నంబర్."

సైటు తెరిస్తే ఏం దొరుకుతుందో చెప్పింది, పొగడలేదు. దీన్ని ఎడిటర్ మార్చాల్సిన అవసరమే రాకపోవచ్చు.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో చిక్కుంది. ఊళ్లో డీటీపీ షాపువాళ్లు అను ఫాంట్లలో టైప్ చేసిచ్చిన కరపత్రం నుంచి కాపీ కొడితే అక్కడ పిచ్చి గీతలు పడతాయి, అది యూనికోడ్ కాదు. ఫోన్‌లో జీబోర్డ్ తెలుగు కీబోర్డుతో మళ్లీ కొట్టండి, రెండు నిమిషాల పని.

పంపే ముందు సైటును ఒకసారి పాత ఫోన్‌లో, మొబైల్ డేటా మీద తెరిచి చూడండి. "త్వరలో వస్తుంది" అనే పేజీలు మిగిలి ఉంటే ఆగండి, సగం కట్టిన సైటును చేర్చరు. వేరే చోటికి మళ్లించే లింకు కూడా ఇవ్వొద్దు. ఒకే సైటును నాలుగు వర్గాల్లో పడేయడం, వారానికోసారి మళ్లీ పంపడం చేస్తే స్పామ్ అనుకుంటారు. ఒకసారి పంపి వదిలేయండి. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, అసలు చేర్చకనూ పోవచ్చు. వాళ్లంతా జీతం లేకుండా ఖాళీ సమయంలో చేసేవాళ్లే. "మా సైటు ఏమైంది?" అని గట్టిగా అడిగే హక్కు మనకి లేదు.

వరుసలో నిలబడటం నచ్చకపోతే మీరే ఎడిటర్‌గా చేరొచ్చు. చిన్న వర్గంతో మొదలుపెట్టండి. దరఖాస్తులో ఆ వర్గానికి సరిపోయే కొన్ని సైట్లు, వాటికి మీరే రాసిన వివరణలు ఇవ్వాలి. మీకు సంబంధం ఉన్న సైట్లేంటో కూడా దాచకుండా చెప్పాలి, అంటే మీ బంధువుల హోమ్‌స్టే సంగతీ అక్కడ రాయాల్సిందే.