పంచుకున్న జ్ఞానమే సంస్థకు రక్ష

పాఠ్యభాగ నేపథ్యం

వేలాది భాగాలతో, వందలాది నిపుణులతో రూపొందే యంత్ర వ్యవస్థలలో ఒక చిన్న విషయం ఒకరికి తెలిసి మరొకరికి తెలియకపోవడం వల్ల పెద్ద నష్టాలు సంభవించాయి. అటువంటి సంస్థలలో జ్ఞానాన్ని ఏ విధంగా కూడబెట్టాలో, ఏ విధంగా పంచుకోవాలో అంతరిక్ష రంగంలోని కొన్ని యథార్థ సంఘటనల ఆధారంగా వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

1979 ఆగస్టు 10. బంగాళాఖాతపు ఒడ్డున, నేటి తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుండి భారతదేశపు తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్.ఎల్.వి.-3 నింగికెగిసింది. దాని ఎత్తు సుమారు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. నాలుగు దశలు గల ఆ రాకెట్టులో మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశలో నియంత్రణ తప్పింది. కొద్ది నిమిషాలకే రాకెట్టు సముద్రం పాలైంది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని ఒక కవాటం సరిగా మూసుకొనక, అందులోని ఆమ్లం కారిపోయిందని ప్రయోగానంతరం జరిగిన సమీక్షలో తేలింది.

ఆనాడు సముద్రంలో మునిగింది లోహమూ ఇంధనమూ మాత్రమే. ఆ రాకెట్టును నిర్మించినవారు ఏళ్ల తరబడి ఆర్జించిన అనుభవం ఒడ్డుననే ఉంది. దానికి ఒక కొత్త పాఠం కూడా తోడైంది. అయితే ఆ పాఠం ఎవరి వద్ద నిలుస్తుంది? కవాటాన్ని పరీక్షించిన ఇంజినీరు మనసులోనా, ఒక నివేదిక పుటల్లోనా, లేక సంస్థ మొత్తం నడవడిలోనా? జ్ఞాన నిర్వహణ అనే శాస్త్రం ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది.

రాకెట్టు, విమానం, రైలు సంకేత వ్యవస్థ, విద్యుత్ కేంద్రం వంటివి ఒక్కరి చేతిలో తయారయ్యేవి కావు. ఇంజను చేసేవారు ఒకరు, దానిని నడిపే సాఫ్ట్‌వేర్ రాసేవారు మరొకరు, పరీక్షించేవారు ఇంకొకరు. ఈ భాగాలన్నింటినీ ఒక లక్ష్యానికి అనుగుణంగా కూర్చి, అవి కలిసి పనిచేసేటట్లు చూసే విద్యకే వ్యవస్థల ఇంజినీరింగ్ అని పేరు. ఏ భాగానికాభాగం నిర్దోషంగా ఉన్నప్పటికీ, వాటి కూడలిలో దోషం పుట్టవచ్చు. అందువల్ల ఈ రంగంలో ప్రతి ఉద్యోగికీ తన పని తెలిసి ఉంటే చాలదు. తన పని ఇతరుల పనిని ఎక్కడ తాకుతుందో కూడా తెలిసి ఉండాలి.

జ్ఞానం రెండు విధాలని పండితులు విభజించారు. సూత్రాలుగా, పటాలుగా, సంఖ్యలుగా కాగితం మీదికి ఎక్కేది వ్యక్త జ్ఞానం. చేతివాటంలో, చూపులో, ఏళ్ల అభ్యాసంలో ఇమిడి ఉండి మాటలకు సులభంగా లొంగనిది అవ్యక్త జ్ఞానం. మనిషికి తాను చెప్పగలిగిన దానికంటె ఎక్కువే తెలిసి ఉంటుందని మైకేల్ పొలానీ అనే తాత్త్వికుడు 1966లో వెలువడిన తన గ్రంథంలో ప్రతిపాదించాడు. కుమ్మరి సారె మీది మట్టిని ఎంత ఒత్తిడితో అదమాలో పుస్తకం చదివి నేర్చుకోవడం సాధ్యం కాదు. పక్కన కూర్చుని, చూసి, చేసి నేర్చుకోవలసిందే. ఈ సత్యం కుమ్మరి సారెకు ఎంత వర్తిస్తుందో రాకెట్టు ఇంజనుకూ అంతే వర్తిస్తుంది.

చంద్రుని మీదికి మానవుని పంపిన శాటర్న్-5 రాకెట్టు మొదటి దశలో ఎఫ్-1 అనే ఇంజన్లు ఐదు ఉండేవి. ఆ రాకెట్టు చివరిసారిగా 1973లో ఎగిరింది. దాని పటాలన్నీ పోయాయని ఒక ప్రచారం ఉంది గాని అది నిజం కాదు. పటాలు భద్రంగానే ఉన్నాయి. పోయింది వేరొకటి. ఆ ఇంజన్లను అతికిన పనివారు ఒక్కొక్క ఇంజనుకు తగినట్లు చేసిన చిన్నచిన్న సవరణలు పటాలకు ఎక్కలేదు. వారు పదవీ విరమణ చేసినప్పుడు ఆ నేర్పు కూడా వారితోనే వెళ్లిపోయింది. దాదాపు నలభై ఏళ్ల తరువాత, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన యువ ఇంజినీర్లు భద్రపరచిన ఒక ఎఫ్-1 ఇంజనును విడదీసి, ప్రతి భాగాన్నీ కొలిచి, కంప్యూటరు సహాయంతో చిత్రించి, దాని పనితీరును మళ్లీ నేర్చుకున్నారు. 2013 జనవరిలో అందులోని వాయు జనకాన్ని మండించి పరీక్షించారు. పూర్వులకు తెలిసిన విద్యను వారసులు యంత్రాన్ని విప్పి తెలుసుకోవలసి వచ్చింది.

తరం నుండి తరానికి అందవలసిన జ్ఞానం అందకపోతే కలిగే నష్టానికి ఇది ఉదాహరణ. ఒకే కాలంలో పనిచేసే రెండు బృందాల మధ్య అందకపోతే ఏమవుతుందో మరొక సంఘటన తెలుపుతుంది. అంగారకుని వాతావరణాన్ని పరిశీలించడానికి నాసా 1998 డిసెంబరు 11న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌకను ప్రయోగించింది. నౌకలోని చిన్న రాకెట్లు మండినప్పుడల్లా కలిగే నోదనాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్ ఆ విలువను పౌండ్ల ప్రమాణంలో ఇచ్చింది. మార్గాన్ని గణించేవారు అది న్యూటన్ల ప్రమాణంలో ఉన్నదని భావించారు. ఒక పౌండు బలం సుమారు 4.45 న్యూటన్లకు సమానం. నెలల తరబడి ఈ తేడా లెక్కలలో పేరుకొన్నది. 1999 సెప్టెంబరు 23న అంగారకునికి 226 కిలోమీటర్ల ఎత్తున సాగవలసిన నౌక, సుమారు 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగి నశించింది.

ప్రమాణాల పొరపాటు పైకి కనిపించే కారణం. విచారణ సంఘం దానితో తృప్తి చెందక లోతుకు వెళ్లింది. నౌకను నడిపిన మార్గనిర్దేశక బృందానికి, నౌకను నిర్మించే దశలో తగినంత పాత్ర లేదు. అందువల్ల దాని స్వభావం వారికి పూర్తిగా తెలియదు. లెక్కలు సరిపోవడం లేదని వారిలో కొందరు ముందే గమనించారు. కాని ఆ సందేహాన్ని నియమానుసారం నమోదు చేయలేదు. అది సహోద్యోగుల మధ్య ఉత్తరప్రత్యుత్తరాలతోనే ఆగిపోయింది. తెలిసినవారు లేక కాదు, తెలిసిన సంగతి తెలియవలసిన చోటికి చేరక ఆ నౌక నశించింది.

పక్కవారికి చేరని జ్ఞానం ఒక యంత్రాన్ని బలిగొంటే, పైవారికి చేరని జ్ఞానం ప్రాణాలనే బలిగొన్నది. 2003 జనవరి 16న కొలంబియా అనే అంతరిక్ష విమానం బయలుదేరింది. హర్యానాలోని కర్నాల్‌లో జన్మించిన కల్పనా చావ్లా అందులో ఉన్నారు. బయలుదేరిన ఒకటిన్నర నిమిషంలోపే ఇంధనపు తొట్టి నుండి ఊడిన నురుగు ముక్క ఒకటి ఎడమ రెక్కకు తగిలింది. నురుగు ఊడడం పూర్వం కూడా పలుమార్లు జరిగింది. ఏ ప్రమాదమూ జరగనందువల్ల అది క్రమంగా సాధారణ విషయంగా పరిగణింపబడింది. ఈసారి కొందరు ఇంజినీర్లు కలతచెంది, కక్ష్యలో ఉన్న విమానం రెక్కను ఫోటోలు తీయించాలని కోరారు. వారి కోరిక నెరవేరలేదు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా ఆకాశంలోనే ఛిద్రమైంది. ఏడుగురు వ్యోమగాములూ మరణించారు.

అదే ఏడాది ఆగస్టులో వెలువడిన విచారణ నివేదిక, నురుగు ముక్క ఎంత కారణమో సంస్థ సంస్కృతి కూడా అంతే కారణమని నిర్ధారించింది. రెక్కకు తగిలిన ముక్క, అంతకు ముందు పరీక్షలలో వాడిన ముక్కలకంటె వందల రెట్లు పెద్దది. ఇంతటి ముఖ్య విషయం, పై అధికారులకు చూపిన ఒక తెరపుటలో కింది వరుసల చిన్న అక్షరాలలో మరుగునపడింది. సమగ్రమైన సాంకేతిక నివేదిక ఉండవలసిన చోట క్లుప్తమైన తెరపుటలు ఉండడాన్ని ఆ సంఘం తప్పుపట్టింది. రాసినంత మాత్రాన జ్ఞానం పంచినట్లు కాదు. ఎదుటివారికి అర్థమయ్యేటట్లు చెప్పాలి. అప్రియమైనా వినే మనసు పైవారికి ఉండాలి.

అనుభవ పాఠాలను భద్రపరచడానికి నాసాలో అప్పటికే ఒక కంప్యూటరు నిధి ఉంది. కాని దానిని ప్రాజెక్టు నిర్వాహకులు విరివిగా వాడడం లేదని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2002లోనే ఎత్తిచూపింది. తీరిక లేకపోవడం ఒక కారణం. తమ పొరపాట్లను పదిమందిలో చెప్పుకోవడానికి జంకడం మరొక కారణం. బావి తవ్వినంత మాత్రాన దాహం తీరదు; తోడుకొనే అలవాటు కూడా కావాలి.

మరి సంస్థలు ఏమి చేయాలి? అనుభవం నేర్పిన మార్గాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, నిర్ణయాన్ని మాత్రమే కాక దాని వెనుక ఉన్న కారణాన్ని కూడా రాసి ఉంచడం. ఒక మరను ఈ కొలతతోనే ఎందుకు చేశారో తెలియకపోతే, తరువాత వచ్చినవారు దానిని నిర్భయంగా మార్చివేస్తారు. రెండవది, ప్రతి దశ ముగిసిన తరువాత సమీక్ష జరపడం. ఈ సమీక్ష తప్పు ఎవరిదని వెదకడానికి కాక, తప్పు ఏ విధంగా జరిగిందో తెలుసుకోవడానికి ఉపయోగపడాలి. మూడవది, పదవీ విరమణకు ఎంతో ముందుగానే పెద్దల పక్కన పిన్నలను ఉంచి పని నేర్పించడం. అవ్యక్త జ్ఞానానికి ఇంతకంటె మంచి దారి లేదు. నాల్గవది, నిర్మించేవారినీ నడిపేవారినీ మొదటినుండి ఒకే చోట కూర్చోబెట్టడం. ఐదవది, ఒకే విద్యకు చెందినవారు వేర్వేరు ప్రాజెక్టులలో ఉన్నా తరచుగా కలిసి తమ అనుభవాలను చెప్పుకొనే అవకాశం కల్పించడం.

రక్షణ రహస్యాలను, వ్యాపార రహస్యాలను అందరికీ వెల్లడించడం సాధ్యం కాదు. ఎవరికి ఏది ఎంతవరకు తెలియాలో నిర్ణయించడం కూడా జ్ఞాన నిర్వహణలో భాగమే. అయితే రహస్యం పేరుతో పొరపాటును దాచడం మాత్రం రక్షణ కాదు. ఈ అవసరాన్ని ప్రపంచ ప్రమాణ సంస్థలు కూడా గుర్తించాయి. వ్యవస్థల ఇంజినీరింగ్‌కు సంబంధించిన 15288 అనే అంతర్జాతీయ ప్రమాణం 2015 ముద్రణలో జ్ఞాన నిర్వహణను ఒక ప్రత్యేక ప్రక్రియగా చేర్చింది. అదే ఏడాది వెలువడిన ఐ.ఎస్.ఓ. 9001 నాణ్యతా ప్రమాణం సైతం, ప్రతి సంస్థ తన పనికి కావలసిన జ్ఞానాన్ని గుర్తించి కాపాడుకోవాలని విధించింది.

ప్రమాణాలు విధించగలవు గాని నమ్మకాన్ని కలిగించలేవు. అది నాయకుల నుండి రావలసిందే. ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగం విఫలమైన నాడు దాని సారథి ఏ.పి.జె. అబ్దుల్ కలాం. పత్రికలవారికి సమాధానం చెప్పే భారాన్ని ఆయన మీద పెట్టకుండా, ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ తానే ముందుకు వచ్చి బాధ్యత వహించారు. 1980 జులై 18న అదే శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 సుమారు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆనాడు మాత్రం పత్రికలవారితో మాట్లాడమని కలాంనే పంపారు. ఈ సంఘటనను కలాం తరువాతి కాలంలో అనేక ప్రసంగాలలో స్మరించారు.

అపజయం కలిగినప్పుడు నింద తన మీద పడుతుందన్న భయం ఉన్నచోట ఎవరూ నోరు విప్పరు. నాయకుడు అండగా నిలిచినచోట ఇంజినీరు తన సందేహాన్ని, తన పొరపాటును కూడా దాచక చెబుతాడు. ఆ మాటే మరుసటి ప్రయోగానికి పునాది అవుతుంది. పి.ఎస్.ఎల్.వి. కూడా 1993 సెప్టెంబరులో జరిగిన తొలి ప్రయోగంలో విఫలమై, 1994 అక్టోబరులో విజయం సాధించింది. 2013 నవంబరు 5న అదే జాతి రాకెట్టు మంగళయాన్‌ను మోసుకొనిపోయింది. 2014 సెప్టెంబరు 24న ఆ నౌక అంగారకుని కక్ష్యలో క్షేమంగా ప్రవేశించింది.

ధనం పంచితే తరుగుతుంది. విద్య పంచితే పెరుగుతుంది అని పెద్దలు చెబుతారు. వ్యక్తికి సంబంధించిన ఈ మాట సంస్థకు కూడా వర్తిస్తుంది. జయాపజయాలు ఏ సంస్థకైనా తప్పవు. ఒకరు పడిన చోట మరొకరు పడకుండా చేయగలిగినదే నిజంగా నేర్చుకున్న సంస్థ.

కఠిన పదాలు – అర్థాలు

కవాటం = ద్రవాలు, వాయువుల రాకపోకలను అదుపుచేసే మూత
నోదనం = ముందుకు నెట్టే శక్తి ప్రభావం
వాయు జనకం = ఇంజనులో వేడి వాయువులను పుట్టించే భాగం
సారె = కుమ్మరి కుండలు చేసే చక్రం
ఛిద్రమగు = ముక్కలగు

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. వ్యక్త జ్ఞానానికీ అవ్యక్త జ్ఞానానికీ గల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.
2. మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నశించడానికి పైకి కనిపించే కారణం ఏది? లోతైన కారణాలు ఏవి?
3. కొలంబియా దుర్ఘటన నుండి సంస్థలు నేర్చుకోవలసిన పాఠమేమి?
4. జ్ఞానాన్ని పంచుకోవడానికి పాఠంలో సూచించిన మార్గాలను తెలపండి.

II. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. బావి తవ్వినంత మాత్రాన దాహం తీరదు.
2. ప్రమాణాలు విధించగలవు గాని నమ్మకాన్ని కలిగించలేవు.

III. వ్యాకరణం
సంధులు: ప్రయోగానంతరం = ప్రయోగ + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి; సహోద్యోగి = సహ + ఉద్యోగి – గుణ సంధి.
సమాసాలు: జ్ఞాన నిర్వహణ – జ్ఞానం యొక్క నిర్వహణ – షష్ఠీ తత్పురుష సమాసం, నాలుగు దశలు – నాలుగు సంఖ్య గల దశలు – ద్విగు సమాసం, జయాపజయాలు – జయమును, అపజయమును – ద్వంద్వ సమాసం.