ఎవరికి ఏ విమానం? ప్రశ్నలు – జవాబులు

ఐ.పోలవరం మండలంలో కొందరు మిత్రులు ప్రయాణికుల విమానాల మీద గ్రూప్ బిల్డ్ పెట్టుకున్నారు. ఒక అంశం, ఒక గడువు అనుకుని, ఎవరింట్లో వాళ్లు తమ నమూనా విమానాల కిట్లు కట్టుకుని, ఆఖర్న అన్నీ ఒకే బల్ల మీద చేర్చడమే గ్రూప్ బిల్డ్. ఈసారి ఉత్తరాలన్నీ అక్కడివే. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మేం ఆరుగురం. అందరం 1/144 స్కేల్లోనే చేద్దామనుకున్నాం. అక్కడిదాకా బాగానే ఉంది. ఏ విమానం అనేసరికి నలుగురు ఇండిగో ఎయిర్‌బస్ అంటారు, ఇద్దరు జంబో జెట్ (747) అంటారు. ఎంతకీ తెమలడం లేదు. ఎలా ఎంచుకోమంటారు? – మురమళ్ల

జవాబు: నిత్యం కళ్యాణాలు జరిగే ఊళ్లో ఉండి మీకు జత కుదరకపోవడమేంటండీ! మీరంతా పెట్టె మీద బొమ్మ చూసి ఎంచుతున్నారు, అదీ చిక్కు. ఎ320 అన్నది కిట్ పేరు. మీరు కట్టాల్సింది ఫలానా సంస్థది, ఫలానా ఏటిది, వీలైతే తోక దగ్గర రాసిన నంబరుతో సహా ఒకే ఒక్క విమానం. అలా ఎంచితే నలుగురూ ఎ320 తీసుకున్నా నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1989లో తెచ్చిన ఎ320ల సంగతే చూడండి. మామూలు ఎ320కి రెక్కల కింది కాళ్లకి రెండేసి చక్రాలు. వీటికి నాలుగేసి. మన దగ్గర కొన్ని రన్‌వేలు అంత గట్టివి కావని, బరువు ఎక్కువ చక్రాల మీద పంచడానికి అలా చేయించుకున్నారు. కిట్‌లో వచ్చేది రెండు చక్రాల కాలే. దాని అడుగున సన్నటి ప్లాస్టిక్ కడ్డీని ముక్కు నుంచి తోక వైపుగా అతికించి, ముందు రెండు, వెనక రెండు చక్రాలు కూర్చోబెట్టాలి. అదనపు చక్రాలు ఇంకో పాత కిట్ నుంచి పీక్కోవచ్చు. ఇప్పటి ఎ320ల రెక్కల చివర పైకి లేచి ఉండే షార్క్‌లెట్లు వీటికి లేవు, చిన్న త్రికోణపు రేకులే. ఇంజిన్లు వి2500 రకం. కిట్‌లో ఏ ఇంజిన్లు ఇచ్చాడో కొనకముందే కనుక్కోండి. నారింజ రంగు తోకతో అది పక్కన నిలబడితే ఇండిగో ఎయిర్‌బస్ వైపు ఎవరూ చూడరు.

ఇండిగోయే కావాలంటారా? అయితే రాజమండ్రి దగ్గరి మధురపూడి నుంచి హైదరాబాదు తిరిగే ఏటీఆర్ 72 నాకు ఎక్కువ ఇష్టం. రాజమండ్రి నుంచి ముంబైకి ఇండిగో ఎయిర్‌బస్ మొదలైంది 2024 డిసెంబరులో. అంతకు ముందు నుంచీ మీ గోదావరి మీద తిరుగుతున్నది ఈ పంకాల విమానమే. మీ ఆరుగురిలో ఎవరో ఒకరు ఎక్కే ఉంటారు. చిక్కల్లా కిట్‌తోనే. ఇటాలెరీ వాళ్లది ఉంది గానీ అది ఏటీఆర్ 42. 72 కంటే నాలుగున్నర మీటర్లు పొట్టి, అంటే మీ స్కేల్లో 31 మిల్లీమీటర్లు. ఒంటిని కోసి ముక్క చేర్చాలి, రెక్కలూ చాలవు. పంకా రెక్కలు కూడా లెక్కపెట్టుకోండి: 72-600కి ఆరు, తొలినాళ్ల 42కి నాలుగే. చెయ్యి తిరిగినవాళ్లకే ఇవ్వండి.

స్కేలు దగ్గర మాత్రం పట్టు సడలించకండి. ‘డకోటా 1/72లో ఎంత బాగుందో’ అని ఎవరో ఒకరు తెచ్చేస్తారు. 1/72 డకోటా రెక్కల కొస నుంచి కొసకి 40 సెంటీమీటర్లు. 1/144 జంబోకి 41. పక్కపక్కన పెడితే చూడొచ్చిన పిల్లలు రెండూ ఒకే సైజు అనుకుని వెళ్లిపోతారు. అదే డకోటా 1/144లో అయితే 20 సెంటీమీటర్లే. జంబో పక్కన పెట్టినప్పుడు అసలు తేడా ఏంటో అప్పుడు తెలుస్తుంది.

నన్ను పంచమంటే ఇలా పంచుతాను. ఒకరికి డకోటా, ఒకరికి నాలుగు చక్రాల ఎ320, ఒకరికి గల్ఫ్ వెళ్లే విమానం, ఒకరికి ఏటీఆర్, ఒకరికి కారవెల్, ఒకరికి జంబో. కారవెల్ అరవైల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాడిన తొలి జెట్. ఎయిర్‌ఫిక్స్ పాత కిట్ ఎక్కడైనా దొరికితే పట్టుకోవాలి. అతుకులు సరిగా కూర్చోవు, లప్పం పని బోలెడు. జంబో ఒక్కటి చాలు, ఇద్దరూ పట్టుబడితే చీటీ వేయండి. మొదటిసారి కట్టేవాళ్ల చేతిలో మాత్రం పెట్టకండి. 49 సెంటీమీటర్ల పొడుగునా వీపు మీద అతుకు కనబడకుండా వాటర్ పేపర్ రుద్దేసరికి సగంమంది కిట్ అటక మీదికి ఎక్కిస్తారు. కొత్తవాళ్లకి జ్వెజ్దా 737-800 ఇవ్వండి. ముక్కలు చక్కగా కూర్చుంటాయి.

ప్రశ్న: పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాను. రాత్రి పూట టపా మోసిన విమానం చేయాలని ఉంది. అది ప్రయాణికుల విమానం కిందికి వస్తుందా? – కేశనకుర్రు

జవాబు: నిక్షేపంగా వస్తుంది. 1949 జనవరి 30న మొదలైన రాత్రి టపా సర్వీసులో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయల్దేరిన విమానాలు నడిరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. సంచులు మార్చుకుని తెల్లారేసరికి వెనక్కి చేరేవి. సంచులతో పాటు మనుషులూ ఎక్కేవారు. కాబట్టి మీ మిత్రులు అడ్డు చెబితే నా పేరు చెప్పండి. అదే ఏడాది దేశంలో మామూలు ఉత్తరాల్ని కూడా అదనపు రుసుం లేకుండా విమానంలో పంపడం మొదలైందని మీకు నేను చెప్పాలా!

సంస్థ విషయంలో నా సలహా డెక్కన్ ఎయిర్‌వేస్. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టారు. బేగంపేట దాని ఇల్లు. 1953లో మిగతా కంపెనీలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ టపా సర్వీసుని కొంతకాలం నడిపిన కంపెనీల్లో ఇదీ ఒకటి. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కి ఉద్యోగం ఇచ్చింది కూడా ఈ కంపెనీయే. ఆవిడ 1947లో లైసెన్సు తెచ్చుకున్నాక ఎనిమిది కంపెనీలు ఆడదానివని పొమ్మంటే హైదరాబాదు వాళ్లు రమ్మన్నారు.

విమానం డకోటా, కిట్ మినీక్రాఫ్ట్ డీసీ-3. ఒక్క తలుపు చూసుకోండి. అప్పట్లో మన దేశంలో ఎగిరిన డకోటాల్లో చాలావరకు యుద్ధం అయ్యాక అమ్మేసిన సి-47లు. వాటికి ఎడమ పక్క వెనకాల సామాన్లు ఎక్కించే పెద్ద జంట తలుపు ఉంటుంది. కిట్‌లో చిన్న తలుపు ఒక్కటే ఉంటే మొనదేరిన సూదితో గీత గీసుకోవాలి. అప్పటి ఫోటోలు నలుపు తెలుపువి. ఒంటి మీద చార ఎరుపో నీలమో అందులో తెలీదు. రాతపూర్వకంగా ఎక్కడైనా దొరికేదాకా రంగు డబ్బా మూత తీయకండి.

ప్రశ్న: మా అమ్మ కువైట్‌లో ఇంటిపని చేసేది. 1990లో గొడవలప్పుడు జోర్డాన్ మీదుగా బొంబాయి చేరింది. ఆ విమానం చేసి అమ్మకి చూపించాలని ఉంది. ఏ విమానమో అమ్మకి తెలీదు. – గుత్తెనదీవి

జవాబు: మీ బల్ల మీద పెట్టేవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇంకా కట్టకుండానే నచ్చింది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగాక, మనవాళ్లు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరారు. అక్కడి నుంచి ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి, రెండు నెలల్లో 488 విమానాలు నడిపి 1.7 లక్షల మందికి పైగా తెచ్చింది. అమ్మని విమానం పేరు అడగొద్దు. ‘నీ వరసలో ఎంతమంది కూర్చున్నారే?’ అని అడగండి. నడవడానికి ఒకటే దారి ఉండి, అటు ముగ్గురు ఇటు ముగ్గురు అంటే ఎ320. రెండు దారులు, కిటికీల పక్క ఇద్దరేసి, మధ్యలో నలుగురు అంటే ఎ310 కావచ్చు. కిటికీల పక్క ముగ్గురేసి, మధ్యలో నలుగురు, లోపల మెట్లు కూడా చూశానంటే జంబో. విమానం గుర్తులేకపోయినా పక్కన కూర్చున్నవాళ్లు గుర్తుంటారు, ఆ గాభరాలో అయితే మరీను.

ఎ310 అని తేలితే రెవెల్ వాళ్ల కిట్ ఉంది, పొడవు 32 సెంటీమీటర్లు. ఎయిరిండియా 1989లో రంగులు మార్చడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో పాత రంగులవీ కొత్త రంగులవీ రెండూ ఎగిరాయి. 1990 తేదీ ఉన్న ఫోటో పట్టుకునేదాకా డెకాల్స్ (నీళ్లలో తడిపి, జార్చి అతికించే బొమ్మలు) కొనొద్దు. అమ్మ తర్వాత కూడా గల్ఫ్ వెళ్లొచ్చి ఉంటే, పక్కన రెండోదిగా ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ 737 పెట్టొచ్చు. 2005లో మొదలైనప్పుడు ఒక్కో విమానం తోక మీద ఒక్కో బొమ్మ వేశారు, 2023లో రంగులు మార్చాక బాంధనీ, అజ్రఖ్ లాంటి చీరల అద్దకాలు వేస్తున్నారు. అమ్మ ఎక్కినదాని తోక మీద బొమ్మ ఏదో గుర్తుందేమో అదీ అడగండి.

ప్రశ్న: విశాఖ బీచ్‌లో పెట్టిన టీయూ-142 చేయొచ్చా? – ఐ.పోలవరం

జవాబు: కుదరదు. అది జలాంతర్గాముల్ని వెతికిన నేవీ విమానం, 2017లో రిటైరైంది. దాని వంశంలోనే ప్రయాణికుల కోసం చేసిన టీయూ-114 అని ఒకటుంది, సోవియట్ వాళ్లు మాస్కో నుంచి ఢిల్లీకి నడిపారు. అది చేయండి, ఎవరూ కాదనలేరు. టీయూ-142 స్థానంలో వచ్చిన పి-8ఐ కూడా 737 నుంచి పుట్టిందే కదా అని ఇంకొకరు లేస్తారు. ‘టిక్కెట్టు కొని ఎక్కగలిగినదై ఉండాలి’ అని ఒక్క వాక్యం ముందే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: జంబో చీటీ నాకే వచ్చింది. ఎయిరిండియా ‘ఎంపరర్ అశోక’ చేద్దామనుకున్నా. కూలిపోయిన విమానం ఇంట్లో ఎందుకని మా ఆవిడ అంటోంది. – ఎదుర్లంక

జవాబు: లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న మీ ఊరి బాలయోగి గారు 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయారు. మీరు యానాం వెళ్లే వంతెనకి ఆయన పేరే. అలాంటి ఊళ్లో ఆవిడ మాటని శకునం కింద కొట్టిపారేయలేను. అశోక 1971లో ఎయిరిండియాకి వచ్చిన తొలి జంబో. 1978 జనవరి 1న బొంబాయి తీరంలో సముద్రంలో పడి 213 మంది పోయారు. చేయకూడదనే రూలేం లేదు. వచ్చిన ఏటి రంగుల్లో చేసి, కింద చీటీ మీద రెండు తేదీలూ రాస్తే అందులో తప్పేం లేదు. కానీ ఇంట్లో ఇష్టం లేనిది పంతానికి చేయడమెందుకు?

ఎయిరిండియా తన జంబోలకి చక్రవర్తుల పేర్లు పెట్టింది. వాటిలో ‘కృష్ణదేవరాయ’ ఉంది, నంబరు వీటీ-ఈఎఫ్‌యూ. మనవాళ్లు అశోకనీ కనిష్కనీ తలుచుకుంటారు గానీ ఇది చేసినవాళ్లు నాకు కనబడలేదు. రెవెల్ వాళ్ల పాత 747 కిట్ సరిపోతుంది. పని ఉన్నది కిటికీల దగ్గరే. ఒక్కో కిటికీ చుట్టూ రాజస్థానీ మేడల గవాక్షంలా ఎర్రటి కమాను గీత ఉంటుంది. 1/144లో ఒక్కోటి బియ్యపుగింజంత కూడా ఉండదు. చేత్తో గీయబోకండి. దొరికితే డెకాల్స్ కొనండి. లేకపోతే కంప్యూటర్లో గీయించి, పారదర్శక డెకాల్ కాగితం మీద లేజర్ ప్రింటు తీయించండి. తెలుపు ప్రింటు కాదు, ఒళ్లు ఎలాగూ తెల్లదే కాబట్టి ఇబ్బంది లేదు. వరస మొత్తం ఒకేసారి జార్చకుండా తలుపుకీ తలుపుకీ మధ్య ముక్కలుగా కత్తిరించి పెట్టండి, వంకర పోదు.

ప్రశ్న: నా 737 ముక్కు పైకి లేపి తోక మీద కూలబడుతోంది. పైగా తెల్ల పెయింటు పాలిపోయినట్టు మసకగా వస్తోంది. – మురమళ్ల

జవాబు: ముక్కులో బరువు పెట్టకుండా మూసేశారన్నమాట. వలలకి కట్టే సీసం గుళ్లు మీ దగ్గర ఏ రేవులోనైనా దొరుకుతాయి. ముందు చక్రం పెట్టె వెనకాల కింది నుంచి చిన్న కన్నం చేసి, ఒక్కొక్కటే జిగురులో ముంచి దూర్చండి. చక్రాల చోట కింద వేళ్లు ఆనించి చూస్తే ఎన్ని కావాలో తెలుస్తుంది. డకోటా ఆయనకి ఈ బాధ లేదు, ఆ విమానం పుట్టుకతోనే తోక మీద కూర్చుంటుంది.

పాలిపోవడం గాలిలో చెమ్మ వల్ల. లాక్కర్ పెయింటు ఆరేటప్పుడు తేమని పట్టేస్తుంది. వానాకాలంలో రంగు వేయడం మానుకుని అతుకులు, లప్పం పని చేసుకోండి. మీ గడువు దీపావళికైతే దాన్ని ఉగాదికి జరిపితే సరిపోతుంది. పుష్యమాసంలో కూడా పొద్దున్నే వద్దు, మంచు విడిచి ఎండ బాగా వచ్చాక, పల్చగా మూడు నాలుగు పూతలు వేయండి. పాడైన పూత ఇప్పుడే గీకేయొద్దు. పూర్తిగా ఆరనిచ్చి, సన్న రకం వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, దాని మీదే మళ్లీ వేయండి.