ఆత్మరక్షణ కేసుల్లో నేర్చుకున్న పాఠాలు

క్రిమినల్ ప్రాక్టీసులోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను తరచు అడిగేది ఆత్మరక్షణ వాదన గురించే. కోర్టుల్లో తల నెరిసినవాడిగా నాకు తెలిసింది చెబుతున్నాను.

1. ముద్దాయి నోట ముందు నిజం చెప్పించండి. భయపడి వచ్చినవాడు మొదట అనే మాట, "నేనసలు అక్కడ లేనండీ" అని. ఆత్మరక్షణ అంటే కొట్టింది నేనేనని ఒప్పుకుని, ఎందుకు కొట్టాల్సి వచ్చిందో చెప్పుకోవడం. రెండూ కలిసి నడవవు. ముద్దాయి ఆ వాదన ఎత్తకపోయినా, సాక్ష్యంలో కనబడితే కోర్టు పట్టించుకోవచ్చని 1967లో మున్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. మొదటి సాక్షి క్రాస్‌లోనే మీ కథ వినబడాలి.

2. ముద్దాయి ఒంటి మీది దెబ్బలు చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. గట్టు తగాదాలో ఒక రైతు మీద హత్య కేసు పడింది. చొక్కా చేయి పైకి మడవమన్నాను. ఎడమ ముంజేతి మీద అడ్డంగా, కమిలి నల్లబడ్డ వాత. తల మీదికి వస్తున్న కర్రకు చేయి అడ్డం పెడితే పడే దెబ్బ అది. ఇంట్లో పసుపు రాసి ఊరుకున్నారు. ఆసుపత్రికి వెళ్తే కేసు బలపడుతుందని ఎవరో భయపెట్టారట! రిమాండ్‌కు తెచ్చిన రోజున మేజిస్ట్రేటుకు చెబితే రికార్డయ్యేది, చెప్పలేదు. వారం దాటితే ఆ వాత మాయమయ్యేది. వెంటనే వైద్య పరీక్షకు పిటిషన్ వేశాం.

అలాంటి గాయాలెలా అయ్యాయో ప్రాసిక్యూషన్ చెప్పకపోతే, గొడవ అసలు మొదలును దాచిందని కోర్టు అనుకోవచ్చు. 1976 నాటి లక్ష్మీసింగ్ తీర్పు చెప్పిందదే. చిన్నాచితకా గీతలకు మాత్రం అది వర్తించదు.

3. పుస్తకం తెరిచి, సెక్షన్ వేలు పెట్టి చదవండి. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ సెక్షన్లు 34 నుంచి 44 వరకు ఉన్నాయి. ప్రాణం తీసేదాకా వెళ్లగల సందర్భాలు 38లో ఉన్నాయి. యాసిడ్ దాడిని 2013లో పాత ఐపీసీలోనే చేర్చారు. ఆస్తి కోసమైతే 41 చూడాలి. పొరుగువాణ్ణి కాపాడటానికీ ఈ హక్కు ఉందని చాలామందికి తెలియదు.

4. ప్రమాదం పోయిన క్షణాన హక్కూ పోతుంది. పారిపోతున్నవాడి వీపు మీద పోటు ఉంటే పోస్టుమార్టం రిపోర్టు మీ వాదనను మింగేస్తుంది. సదుద్దేశంతో, ముందస్తు పథకం లేకుండా, అవసరాన్ని మించి హాని తలపెట్టకుండా హద్దు దాటినవాడికి 101వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అప్పుడది హత్య కాదు, నరహత్య అవుతుంది. ఆ తేడా ఒక కుటుంబానికి ఎంత పెద్దదో నేను కళ్లారా చూశాను.

5. కర్రకు కర్రే సమాధానమని చట్టం ఎక్కడా అనలేదు. దేవ్ నారాయణ్ కేసులో లాఠీ దెబ్బకు బల్లెంతో ఎదురుతిరిగినవాణ్ణి హైకోర్టు తప్పుపట్టింది. తలకు తగిలిన లాఠీ ప్రాణం తీయగలదు కదా అని సుప్రీంకోర్టు అతన్ని వదిలిపెట్టింది. ప్రాణభయంలో ఉన్నవాడు దెబ్బను తూకం వేసి కొట్టలేడు. ఇది జడ్జిగారికి అర్థమయ్యేలా చెప్పడమే మన పని.

6. రుజువు భారం ముద్దాయిదే. సాక్ష్య అధినియం 108వ సెక్షన్ ఈ మాటే అంటుంది. కానీ అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలు. ప్రాసిక్యూషన్ సాక్షుల నోటి నుంచీ రాబట్టవచ్చు.

7. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉందా? ఉంటే హక్కు నిలవదు, 37వ సెక్షన్ అడ్డొస్తుంది. అందుకే స్టేషన్ ఎంత దూరం, దారి ఎలాంటిది, దాడి ఎంతసేపట్లో ముగిసిందో ముందే రాసుకోండి. ముద్దాయి ఇంటివాళ్లు 112కి ఫోన్ చేసి ఉంటే ఆ కాల్ వివరాలకు వెంటనే పిటిషన్ వేయండి, కంపెనీలు వాటిని ఎల్లకాలం దాచవు.