కల్లం దగ్గర కుక్క: సాకేవారు చేయవలసినవి, చేయకూడనివి

జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు, పల్నాడు, ప్రకాశం పొలాల్లో మిరపకాయ కల్లాల మీదే ఉంటుంది. ఏడాది కష్టమంతా ఆరుబయట పరిచి ఉంటుంది కాబట్టి రాత్రిళ్లు కాపలా తప్పదు. కాపలా మనిషి పక్కన కుక్క ఉంటుంది. పత్తి జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర, కోల్డ్ స్టోరేజీ ఆవరణలో, ఊళ్లో డాబా ఇంటి మెట్ల కింద కూడా ఉంటుంది. అదే దారిన తెల్లవారుజామున కూలీలు ఆటోలు దిగి నడిచి వస్తారు. కర్నూలు వైపు నుంచి కోతలకు వలస వచ్చిన కుటుంబాలు పొలాల పక్కనే గుడారాలు వేసుకుంటాయి. చంటిపిల్లల్ని చెట్టు కొమ్మకు కట్టిన ఉయ్యాల్లో పడుకోబెట్టి తల్లులు చేలో దిగుతారు. పంటకు కాపలా ఉన్న కుక్క, ఆ పంట కోసే మనుషుల పాలిట ప్రమాదం కాకూడదు. అలా కాకుండా చూడవలసింది కుక్క కాదు, దాన్ని సాకే మనిషి.

2025 ఏప్రిల్‌లో గుంటూరు స్వర్ణభారతి నగర్‌లో కుక్క దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయాడు. అంతకు రెండేళ్ల ముందు, 2023 ఫిబ్రవరిలో, హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు మరో నాలుగేళ్ల పసివాణ్ని పొట్టన పెట్టుకుంది. ఇవి వీధికుక్కల వల్ల జరిగినవి. 2023 జనవరిలోనే హైదరాబాద్ బంజారాహిల్స్‌లో జరిగింది వేరు. పార్సిల్ ఇవ్వడానికి ఒక ఫ్లాట్ తలుపు కొట్టిన యువకుడి మీదికి ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ వచ్చింది. భయపడి పరుగెత్తి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఇంటివారి మీద పోలీసు కేసు నమోదైంది. ఆ యువకుడి ప్రాణం తీసింది కుక్క కాటు కాదు, అదుపు లేని కుక్కను చూసి పుట్టిన భయం.

మన ఊళ్లలో వీధికుక్క, ఇంటి కుక్క అనే ఈ రెండు రకాలకీ మధ్య మూడో రకం ఉంది. పొద్దున ఒక ఇంట్లో చద్దన్నం తింటుంది, రాత్రి ఆ ఇంటి అరుగు మీద పడుకుంటుంది, పగలంతా ఊరు తిరుగుతుంది. దొంగను తరిమితే "మా కుక్క" అంటారు. బడికెళ్లే పిల్లను కరిస్తే "అది మాది కాదండీ, ఊరకుక్క" అంటారు. అన్నం పెట్టేటప్పుడు మనది, కరిచినప్పుడు ఊరిది అనే ఈ అలవాటే అసలు ప్రమాదం. రోజూ అన్నం పెట్టి వాకిట్లో ఉంచుకున్నవారే దానికి జవాబుదారీ.

చట్టం ఏమంటోంది?

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్ దీనికోసమే ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్రమైన గాయానికి గానీ ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి 6 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఈ జరిమానా 1,000 రూపాయలే. కుక్క కరిచిన తరువాతే నేరమవుతుందని ఈ సెక్షన్‌లో లేదు, జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం. బ్రిటన్‌లో 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది. కుక్క ఎవరినీ కరవకపోయినా, కరుస్తుందేమోనన్న సహేతుకమైన భయం కలిగేలా అదుపు తప్పితే అక్కడ యజమాని శిక్షార్హుడు.

2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు కుక్కకు టీకాలు వేయించడం, పిల్లలు పెట్టకుండా ఆపరేషన్ చేయించడం యజమాని బాధ్యతలు. పిట్‌బుల్, రాట్‌వీలర్ వంటి 23 జాతులను అనుమతించవద్దని కేంద్రం 2024 మార్చిలో రాష్ట్రాలకు లేఖ రాసింది. మరుసటి నెలలో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. ఆ జాబితా పోయినా యజమాని బాధ్యత పోలేదు. నాటుకుక్క కరిచినా, లక్ష పెట్టి కొన్న కుక్క కరిచినా అదే సెక్షన్ వర్తిస్తుంది.

కుక్కను సాకేవారు చేయవలసినవి

• మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించండి. తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి. తేదీ రాసిన కార్డు భద్రంగా ఉంచండి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొలిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ రోజున జరిపే జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం సందర్భంగా పశు ఆసుపత్రుల్లో ఉచితంగా టీకాలు వేస్తారు.

• పగలు కూలీలు తిరిగే వేళల్లో కల్లం దగ్గరి కుక్కను కట్టేసి ఉంచండి. కోతలకు కొత్త ముఠా వచ్చిన రోజున మరీ ముఖ్యం. మిరప ఘాటు తగలకుండా ముఖానికి గుడ్డ చుట్టుకుని, నెత్తిన మూట పెట్టుకుని వచ్చే మనిషిని కుక్క గుర్తుపట్టదు, ఆ రూపాన్ని చూసి బెదురుతుంది. బెదిరిన కుక్క మీద పడుతుంది.

• రాత్రి వదిలితే కంచె లోపలే వదలండి. కంచె లేని కల్లంలో కుక్కను విప్పడమంటే డొంకదారి మీదికి వదలడమే. గొలుసు, మెడపట్టీ, గుంజ గట్టిగా ఉన్నాయో లేదో వారానికోసారి చూడండి.

• గేటుకు "కుక్క ఉన్నది జాగ్రత్త" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. చదువురాని వారికోసం కుక్క బొమ్మ వేయించండి. పిలవడానికి బయటే గంట పెట్టించండి. బోర్డు పెట్టినంత మాత్రాన బాధ్యత తీరదు. గేటు గడియ కూడా పడాలి.

• బయటికి తీసుకెళ్తే పొట్టి తాడుతో, పెద్దవారే పట్టుకుని నడవండి. ఇంతకుముందు ఒకరిని కరిచిన కుక్కకు మూతికి చిక్కం కట్టండి. ఊపిరి తీసుకోవడానికి, నీళ్లు తాగడానికి వీలుగా ఉండే బుట్ట రకం మంచిది.

• ఆపరేషన్ చేయించండి. ఎదకొచ్చిన ఆడకుక్క వెంట పడే మగకుక్కల గుంపులే కొట్లాడుకుంటాయి. ఈనిన కుక్క పిల్లల దగ్గరికి ఎవరొచ్చినా మీద పడుతుంది. ఆపరేషన్‌తో ఈ రెండూ తగ్గుతాయి.

• మీ కుక్క కరిస్తే దాచకండి. దెబ్బ తగిలిన వారిని ఆ గంటలోనే మీ బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకా కార్డు వెంట తీసుకెళ్లండి. మిగిలిన డోసులకు వెళ్లే రోజుల్లో కూలి పోకుండా ఆ డబ్బు మీరే ఇవ్వండి. దినకూలీ మధ్యలో సూదులు మానేసేది తరచు ఆ ఒక్క రోజు కూలి కోసమే.

సాకేవారు చేయకూడనివి

• "మా కుక్క ఏమీ అనదండీ" అని ఎదుటివారి భయాన్ని కొట్టిపారేయకండి. మీతో అది నెమ్మదిగా ఉంటుంది. కొత్తవారితో ఎలా ఉంటుందో హామీ ఇవ్వలేరు. ముందు పట్టుకోండి, తరువాత మాట్లాడండి.

• కోపం పెరగాలని పస్తులుంచడం, కారం తినిపించడం, కొట్టడం, మనుషుల మీదికి ఉసిగొల్పి నేర్పడం వద్దు. అలా పెరిగిన కుక్క దొంగనూ, మనవణ్నీ వేరుగా చూడదు.

• రోజంతా మూరెడు గొలుసుతో ఎండలో కట్టేయకండి. అలాంటి గొలుసుతో ఎక్కువసేపు కట్టడం, కట్టిన కుక్కను అసలు తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పైగా అలా కట్టిన కుక్కే విడిపించుకున్న రోజున ఎక్కువ ప్రమాదం. నీడ, నీళ్లు, రోజుకు రెండుపూటలా నడక ఇవ్వండి.

• సీజన్ అయిపోయాక కల్లం ఎత్తేసి కుక్కను అక్కడే వదిలేసి రాకండి. కాపలాకు అలవాటుపడి, తిండి లేక, యజమాని లేక తిరిగే కుక్కలు గుంపు కడతాయి. మే నెలలో ఖాళీ పొలాల దారుల్లో నడిచేవారికి ఆ గుంపుతోనే భయం. ఇంటికి తెచ్చుకోలేనివారు అసలు కుక్కను పెట్టుకోకూడదు.

• బాధితులు పేదవాళ్లు కదా అని ఐదొందలు చేతిలో పెట్టి పంపకండి. రేబిస్‌కు డబ్బు మందు కాదు.

• కరిచిన కుక్కను చంపకండి, దూరంగా వదిలేసి రాకండి. దాన్ని కట్టేసి 10 రోజులు గమనించాలి. అన్నంలో పురుగుమందు కలిపి పెట్టడం మన వైపు కొత్త కాదు. జంతువుకు విషం పెట్టినా, చంపినా న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ విషపు ముద్ద కోడికీ దొరుకుతుంది, పసిపిల్లకీ దొరుకుతుంది.

పొలానికి, పనికి వెళ్లేవారు గుర్తుంచుకోవలసినవి

• కుక్క మీదికి వస్తే పరుగెత్తకండి. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని నిలబడండి. కళ్లలోకి చూడకండి. అది నెమ్మదించాక వీపు చూపకుండా వెనక్కి నడవండి. చేతిలోని సద్దిగిన్నె, సంచి దానికీ మీకూ మధ్య అడ్డం పెట్టండి.

• కింద పడితే ముడుచుకుని, రెండు చేతులతో మెడ, చెవులు కప్పుకోండి.

• బండి వెంట పడితే వేగం పెంచి కాలు విదిలించకండి. నెమ్మది చేస్తే చాలావరకు ఆగిపోతుంది. పడిపోవడం వల్ల తగిలే దెబ్బ కాటు కంటే పెద్దది కావచ్చు.

• తింటున్న, నిద్రపోతున్న, పిల్లలకు పాలిస్తున్న కుక్క జోలికి వెళ్లవద్దని పిల్లలకు చెప్పండి. కుక్క గీరినా, కరిచినా తిడతారని దాచవద్దని అంతకంటే గట్టిగా చెప్పండి. అనుమానాస్పద జంతువులు కరిచిన వారిలో 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

• ఉయ్యాల్లో పసిబిడ్డను ఒంటరిగా వదలకండి. ముఠాలో ఒకరిని పిల్లల దగ్గర ఉంచండి, వారికి పూర్తి కూలి రైతు ఇవ్వాలి.

కరిస్తే వెంటనే

పంపు కింద పారే నీళ్లతో, సబ్బుతో గాయాన్ని 15 నిమిషాలు కడగాలి. పొలంలో బోరు నీళ్లున్నా చాలు, బట్టల సబ్బయినా పరవాలేదు. ఇది రేబిస్ క్రిములను చాలావరకు గాయంలోనే తగ్గిస్తుంది. తరువాత ఏదైనా యాంటీసెప్టిక్ రాయవచ్చు.

కారం చల్లవద్దు. మిరప పండే నేల కాబట్టి చేతికి అందేది కారమే. అది మంట పెట్టి గాయాన్ని రేపుతుంది తప్ప క్రిమిని చంపదు. సున్నం, పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు కూడా వద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు. నాటు మందు కోసం మరో ఊరు పోయి పూట పోగొట్టుకోవద్దు. రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. లక్షణాలకు ముందు సరిగా టీకా పడితే ఆ మరణం దాదాపు పూర్తిగా తప్పుతుంది.

దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అదే రోజు వెళ్లండి. అక్కడ టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజున, తరువాత 3, 7, 28వ రోజుల్లో ఇస్తారు. కండకు ఇచ్చే పద్ధతిలో 14వ రోజున కూడా ఒక డోసు ఉంటుంది. రక్తం వచ్చిన కాటుకు టీకాతో పాటు గాయంలోకే ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కించాలి. అది అక్కడ లేకపోతే గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల వంటి పెద్దాసుపత్రికి పంపమని అడగండి. గర్భిణులకూ, పసిపిల్లలకూ ఈ టీకా వేయవచ్చు. పథ్యం ఏమీ లేదు. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం ఇక వద్దు. ఆ పాత టీకాను మన దేశంలో 20 ఏళ్ల కిందటే ఆపేశారు. కుక్కకు ఏమవుతుందో చూసి వేయించుకుందామని 10 రోజులు ఆగవద్దు. మొదలు పెట్టండి, కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెబుతారు.

పిచ్చికుక్క మీ గేదెను కరిచినా ఊరుకోవద్దు. పశువైద్యుడిని పిలవండి, లేదా 1962కు ఫోన్ చేయండి. చొంగ కారుస్తూ మింగలేకపోతున్న పశువు గొంతులో ఏదో అడ్డం పడిందని చెయ్యి పెట్టవద్దు. అది రేబిస్ కావచ్చు.

పంచాయతీ చేయవలసినవి

కోతలు మొదలవకముందే, డిసెంబరులోనే, ఊళ్లో ఏ కుక్క ఎవరిదో రాసి పెట్టాలి. టీకా వేసిన కుక్కకు మెడపట్టీ వేయించాలి. పట్టీ ఉన్నది కరిస్తే ఎవరిదో వెంటనే తేలుతుంది, లేనిది పంచాయతీ బాధ్యత అవుతుంది. కోడి వ్యర్థాలు బస్టాండు పక్కన, చెరువు గట్టున పారబోయనివ్వకూడదు. వీధికుక్కలకు నిర్ణయించిన చోటే తిండి పెట్టాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. ఆ చోటు ఊరు కూర్చుని తేల్చుకోవాలి, అది బడి దగ్గర ఉండకూడదు.

రైతు సోదరులారా, మిల్లు యజమానులారా, కుక్కను పెట్టుకోవడం మీ హక్కు. దాని పళ్లకు మీరే పూచీ. ఈ సీజన్‌లో కల్లం చదును చేసే రోజునే మీ కుక్కను పశు ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించండి, గొలుసు మార్చండి. ఆ తరువాతే కూలీలను పిలవండి.