పథకం ఫలించిందా? తేల్చి చెప్పే ఉద్యోగం

మైక్రోఫైనాన్స్ అప్పులతో పేదల బతుకులు మారిపోతాయని అందరూ గట్టిగా నమ్మిన రోజుల్లో, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం హైదరాబాద్‌లో ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. 104 బస్తీల్లో సగాన్ని లాటరీ పద్ధతిలో ఎంపిక చేశారు. స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ ముందుగా ఆ 52 బస్తీల్లోనే అప్పులివ్వడం మొదలుపెట్టింది. ఏడాది దాటాక రెండు రకాల బస్తీల్లోనూ వేలాది ఇళ్లకు వెళ్లి ఒకే ప్రశ్నలు అడిగారు. అప్పు దొరికినచోట కొందరు ఇంటికి కావలసిన వస్తువులు కొనుక్కున్నారు, ఉన్న వ్యాపారంలో మరికొంత పెట్టుబడి పెట్టారు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంటి నిర్ణయాల్లో ఆడవాళ్ల మాటకున్న విలువలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

లాటరీ ఎందుకంటే, అప్పటికి నగరమే ఎదుగుతోంది. అప్పులు లేకపోయినా కొన్ని ఇళ్ల ఆదాయం పెరిగేదే. పోల్చడానికి మిగతా సగం బస్తీలు లేకుంటే ఆ పెరుగుదలంతా అప్పుల ఖాతాలో పడేది. సేవా కార్యక్రమాల మూల్యాంకనానికి ఆయువుపట్టు ఇదే: ఈ పథకం లేకపోతే ఏమయ్యేది?

ఈ రంగంలోకి ఎక్కువమంది ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గానే అడుగుపెడతారు. ట్యాబ్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే పని అని దీన్ని చిన్నచూపు చూడకండి. నివేదిక నాణ్యత నిర్ణయమయ్యేది ఆ గుమ్మం దగ్గరే. అత్తగారు పక్కన కూర్చుని ఉండగా కోడలిని 'ఇంట్లో మీ మాట చెల్లుతుందా?' అని అడిగితే వచ్చే జవాబు వేరు, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పేది వేరు. పుట్టిన సంవత్సరం తెలియని అవ్వను దివిసీమ ఉప్పెన నాటికి పెళ్లయిందా అని అడిగితే వయసు సుమారుగా తేలుతుంది. శ్రీకాకుళం యాస, పాలమూరు యాస రెండూ అర్థమయ్యే అభ్యర్థికి ఇక్కడ ఉన్న విలువ ఏ సర్టిఫికెట్‌కూ లేదు. అనుభవం పెరిగేకొద్దీ సూపర్‌వైజర్, రీసెర్చ్ అసోసియేట్, మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్ అధికారి వంటి హోదాలు వస్తాయి.

చదువుకు సోషల్ వర్క్‌లో రెండేళ్ల పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూ మంచి పునాది. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కళాశాల, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం చదివినవారికీ దారి మూసి లేదు. కాకపోతే సోషల్ వర్క్ విద్యార్థులు లెక్కలంటే జంకుతారు. నా ఉద్దేశంలో వాళ్లు ముందుగా గెలవాల్సింది ఆ భయాన్నే. జె-పాల్ సౌత్ ఏషియా వంటి పరిశోధన సంస్థలతోపాటు హైదరాబాద్ బేగంపేటలోని సెస్, రాజేంద్రనగర్‌లోని ఎన్ఐఆర్‌డీపీఆర్ చేపట్టే అధ్యయనాలపై కన్నేసి ఉంచండి.

ఇంటర్వ్యూలో తప్పక ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. మూల్యాంకనానికి డబ్బిచ్చేది చాలాసార్లు ఆ కార్యక్రమాన్ని నడిపే సంస్థే. ఫలితం నిరాశపరిస్తే దాన్ని ఉన్నదున్నట్టు ప్రచురిస్తారా అని అడగండి. సూటిగా జవాబివ్వని చోట చేరకపోవడమే మేలు.

ఉద్యోగం వచ్చేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి అనుసరించింది. పేర్లు తొలగించిన ఆ సమాచారం నమోదు చేసుకున్నవారికి ఉచితంగా దొరుకుతుంది. విశ్లేషణకు వాడే 'ఆర్' సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. మీకు తెలిసిన విషయంపై ఒక చిన్న ప్రశ్న ఎంచుకుని, ఆ సమాచారంతో నాలుగు పేజీల నివేదిక రాయండి. దరఖాస్తుకు దాన్నే జతచేయండి.